అన్న గజ్జలోని నక్షా

మా ఇంట్లో పేగు జారడం వంశపారంపర్యం. ఇంత న్యాయంగా పంచుకున్న ఆస్తి ఇంకొకటి లేదు. ముందు అన్నకు కుడి గజ్జలో జారింది. మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో కోసి కుట్టారు. పేగు లోపలే ఉండిపోయింది కానీ, కుట్టులో నరం చిక్కి, దాని కింద మంట మొదలై తొడ లోపలికి పాకింది. ధోవతి తగిలినా ఉలిక్కిపడేవాడు. గొర్ల వెంట నడవడం మానేశాడు. ఏడాది తిరిగేసరికి మంద సగమైంది. మాటలు అంతకన్నా తగ్గాయి.

తర్వాత నాకూ అదే గజ్జలో ఉబ్బు కనిపించింది. అప్పటికి కాలేజీ చదువు ముగించి బడిపంతులుగా కుదిరాను. రోజంతా నిలబడటమే ఆ ఉద్యోగం.

అదే దవాఖానకు మా బాపు అన్నను కూడా వెంటబెట్టుకొచ్చి, నా పక్క మంచం మీద పడుకోబెట్టాడు.

"సాబ్, ఇద్దరు ఒక్క కడుపుల పుట్టినోళ్ళే. ఒక్క తల్లి గొర్రెపిల్లలు లోపల సుత ఒక్క తీరే ఉంటయి. పెద్దోని నరం ఏడ చెడ్డదో జూసి, చిన్నోనికి గా జాగ ఇడిసిపెట్టి కొయ్యుండ్రి."

కొత్తగా వచ్చిన డాక్టరు నవ్వలేదు. నవ్వితే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

"పెద్దమనిషీ, అన్నదమ్ముల మాట అటుంచు. ఒక్క మనిషికే ఎడమదిక్కు ఉన్నట్టు కుడిదిక్కు ఉండది. నరం ఒకరికి కండ మీదికెల్లి పోతది, ఒకరికి కండ లోపలికెల్లి పోతది. కొందరికి రెండు పాయలైతది."

"మరెట్ల జేస్తరు సాబ్?"

"దేవులాడుకుంటం."

దేవులాడటం మాకు కొత్త కాదు. తప్పిపోయిన మేకల కోసం గుట్టలన్నీ తిరిగినవాళ్ళం. అన్ని మేకలూ దొరకలేదు.

మత్తు సూది గజ్జ వరకే ఇచ్చారు కాబట్టి, నాకు వినకూడనివన్నీ వినిపించాయి. "నరం ఉండవలసిన జాగల లేదు," అన్నాడు డాక్టరు కాంపౌండరుతో. కత్తెర చప్పుడు ఆగింది. కాసేపటికి తొడ లోపల కరెంటు తగిలినట్టు అదిరిపడ్డాను.

"గిదే. కుట్టు పడేకాడనే ఉన్నది," అన్నాడు. నరాన్ని పక్కకు జరిపి, ఇంకో పాయ ఉందేమోనని చాలాసేపు చూశాడు. ఉందనీ లేదనీ చెప్పకుండా కుట్లు వేశాడు.

సాయంత్రం మత్తు దిగింది. అన్న మెల్లగా వంగి, కండువా కొసను నా తొడ లోపలి పక్కకు తాకించాడు.

"తెలుస్తాందా తమ్మీ?"

"తెలుస్తాందే అన్నా. మంట గూడ లేదు."

బాపు గోడకు చేరగిలబడి, కనిపించని దేవుళ్ళందరికీ ఒకేసారి దండం పెట్టాడు. అన్న కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

"నాకు సుత మొదటి దినం గిట్లనే ఉండె," అన్నాడు.