రాతి మీద లేని మాట

సోమవారం, గవర్నర్‌పేట.

మా పక్కింటి సోషల్ మాస్టారు శుక్రవారం తెల్లవారుజామున పోయారు. ఈ రోజు పేపర్లో వచ్చిన సంతాప వార్త, ఆయన రాయని వాక్యాన్ని ఆయనదని అచ్చువేసింది. అందుకే రాస్తున్నాను.

ఆయన పామర్రు దగ్గర బడిలో పనిచేశారు. ఆ ఊరి చివర ఇటుకల దిబ్బ ఒకటి ఉంది, పాత బౌద్ధ స్తూపం. రిటైరయ్యాక కూడా ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి, దిబ్బ దగ్గర పిల్లలకు పాఠం చెప్పి వచ్చేవారు. ఇంటి దగ్గర మా మనవరాలికీ చెప్పేవారు. ఆయన పెట్టిన పరీక్షలో స్తూపం ఎవరు కట్టారన్న ప్రశ్నకు మనవరాలు "తెలియదు" అని రాస్తే మార్కు వేశారు.

"తెలియదంటే మార్కేమిటి మాస్టారూ?" అని నిలదీశాను.

"తెలిసినట్టు రాస్తే సున్నా వేసేవాణ్ణి అక్కయ్యగారూ. ఇది నిజమే రాసిందిగా."

తరవాత ప్రభుత్వం ఆ దిబ్బను వారసత్వ వనం చేసింది. శిలాఫలకానికి ఆయన చేతే రాయించుకున్నారు. చివరి వాక్యం ఇది: "దీన్ని కట్టినవారు తమను ఏమని పిలుచుకున్నారో మనకు తెలియదు." తెలియదని రాస్తే టూరిస్టులు నవ్వుతారండీ అన్నాడు కుర్ర ఆఫీసరు. నవ్వడానికైనా ఆగుతారుగా అన్నారు మాస్టారు.

ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లాను. తెర తీస్తే ఆ వాక్యం లేదు. తెలుగు జాతి రెండువేల ఏళ్ల నాడే ఒక్కటై నిలిచిందనడానికి ఇదే సాక్ష్యమని ఉంది. కింద, రచన అంటూ ఆయన పేరు. చప్పట్ల మధ్య శాలువా కప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సు ఉయ్యూరు దాటాక అన్నారాయన.

"నా పేరు తీయించాలి అక్కయ్యగారూ. నా దగ్గర చదివిన పిల్లలు చూస్తారు."

ఆఫీసు చుట్టూ తిరిగారు. అక్కడివాళ్లు కుర్చీ వేసి, టీ ఇచ్చి, పేరుంటే గౌరవమేగా అని పంపేవారు. చివరికి దిబ్బ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఫలకం కింద చాక్‌పీసుతో "తెలియదు" అని రాసి వచ్చేవారు. వాచ్‌మన్ తుడిచేవాడు. అతనూ ఆయన శిష్యుడే.

పోయిన నెల మనవరాలి స్కూలు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అదే జవాబు రాసింది. సున్నా వచ్చింది. మాస్టారికి చూపించొద్దన్నాను, చూపించింది. ఆయన పెన్ను తీసి సున్నా పక్కన ఒక మార్కు వేశారు.

ఇక జరగాల్సినవి రాస్తున్నాను. జరుగుతాయన్న నమ్మకం నాకు లేదు.

1. ఫలకం మీద ఆయన పేరు చెరిపేయాలి. వాక్యం మార్చకపోయినా సరే.
2. ఫలకం మీది ఆ వాక్యం ఆయనది కాదని పేపరువాళ్లు తప్పు దిద్ది మళ్లీ వేయాలి.
3. ఆదివారం ఎవరో ఒకరు పామర్రు బస్సెక్కాలి. చాక్‌పీసులు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆ చొక్కా వాళ్ల తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. నీలం చొక్కా, జేబు అడుగున మాత్రం తెల్లగా.