చెరుకు నూనె చుక్క

మొహానికి రాసుకునే నూనె తెప్పించుకుంటే ఈ రోజు వచ్చింది. “మన చర్మంలో ఊరే నూనెలాగే ఉంటుందట, చెరుకుతో చేస్తారట నాన్నా” అని పెట్టె మీద ఉన్నది చదివి చెప్పాను. ఏళ్ల తరబడి బెల్లం వండిన మనిషి కదా, పాకం చూసినట్టే ఒక చుక్క వేళ్ల మధ్య నలిపి నాలుక మీద పెట్టుకున్నారు.

“సెరుకంతన్నావు, తీపి లేదేటమ్మా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మిగిలిన తడిని పగిలిన అరచేతిలో రుద్దుకుంటూ పొలం వైపు చూశారు. గిట్టుబాటు కాక చెరుకు తీసేసి, మొన్ననే అక్కడ సరుగుడు వేశాం.

“దీనికీ పనికొత్తాదని ముందే సెప్పలేదేటమ్మా?”

నాకు మాత్రం తెలిస్తే కదా!

మీ పొలంలో చెరుకు ఇంకా ఉంటే ఒక ఫొటో పెట్టండి. నాన్నకి చూపిస్తాను.