ఒక నంబరు మీద నలభై ఒక్క మిషన్లు

నాకు నోరెక్కువ. గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు, మా ఛత్రినాక గల్లీలో ఎవరినడిగినా చెప్తారు. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, నల్లా రాని రోజు వాటర్ ఆఫీసులో, ఎక్కడైనా సరే, ఎదుటివాళ్ళు ఒకటంటే నేను నాలుగంటాను. అలాంటిదాన్ని నోరు తెరవాల్సిన చోట మూసుకుని కూర్చున్నాను. దానివల్ల ఒకామె పరువు పోయింది. ఆ సంగతే రాస్తున్నాను. రాస్తే గుండె బరువు దిగుతుందని కాదు. దిగదు, ఆ ఆశ నాకు లేదు.

సైదాబాద్‌లో కుట్టు మిషన్లు అమ్మే కంపెనీలో పని చేస్తాను. కింద షోరూము, పైన ఆఫీసు. ఎవరు మిషన్ కొన్నారు, ఎవరికి మళ్ళీ ఫోన్ చెయ్యాలి, ఎవరి మిషన్‌కి సర్వీసు టైం అయింది, ఇవన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని నడిపేది నేను. ఆ ఉద్యోగం ఇప్పించింది మా గల్లీలో మూడిళ్ళ అవతల ఉండే అక్క. సొంత అక్క కాదు, గల్లీ అంతటికీ అక్కే. భర్త పోయినప్పటి నుంచి అదే కంపెనీ మిషన్లు ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. "చదువుకున్న పిల్ల సార్, మంచిగ చేస్తది" అని నా గురించి మేనేజర్‌కి చెప్పింది ఆమే.

ఆమె తిరిగేది హుస్సేనీ ఆలం గల్లీల్లో. మా సేల్స్ మగపిల్లలు గుమ్మం పరదా దగ్గర ఆగిపోయే ఇళ్ళలో ఆమె వంటింటి దాకా పోయేది. కొత్త మిషన్ ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, బెల్టు బిగించి, ఒక జాకెట్టు చెయ్యి కుట్టి చూపించి, చాయ్ తాగి వచ్చేది. అక్కడి ఆడవాళ్ళందరికీ ఆమె 'బాజీ', వాళ్ళ మాటలో అక్క. బాజీ మంచిదంటే ఆ మిషన్ మంచిదే, ఇంకో మాట లేదు. అక్కకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

ముందు కాగితం ఫారాలు ఉండేవి. తర్వాత ఫోన్‌లోనే నింపాలన్నారు. అందులో ఫోన్ నంబరు గడి పక్కన ఎర్ర చుక్క, అది నింపందే ఫారం కదలదు. ఒకరోజు మధ్యాహ్నం నేను డబ్బా విప్పుకుని తింటుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"ఇదేందే, నంబర్ కొట్టకుంటే ముందుకే పోతలేదు?"

"కొట్టు మరి. అడిగితే ఇయ్యరా?"

"ఇయ్యరే. ఇంట్ల ఒక్కటే ఫోనుంటది, అది మగాయన జేబుల ఉంటది. మనోడెవడో ఫోన్ చేసి ఫలానా ఆమె ఉన్నదా అని అడిగితే ఇంట్ల లొల్లి లేస్తది. 'బాజీ, ఆప్‌కా నంబర్ లిఖ్ లేవ్ నా' అంటున్నరు, నా నంబరే రాసుకోమని."

నా నోట్లో ముద్ద ఉంది. అది మింగి, "అయితే నీ నంబరే కొట్టక్కా. గడి నిండితే సాలు, దానికేం తెలుస్తది? ఏం ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆ మాట పట్టుకుని ఆమె తన నంబరే రాసుకుంటూ పోయింది. నిజం చెప్పాలంటే అది బాగానే నడిచింది. అందరి సర్వీసు మెసేజ్‌లూ ఆమె ఫోన్‌కే వచ్చేవి. చదువుకుని, గల్లీ గల్లీ తిరిగి, రేపు మెకానిక్ వస్తాడు, మిషన్ ముందు గదిలోకి జరిపి పెట్టుకోండి అని చెప్పి వచ్చేది. ఆ పనికి ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఏడాది దాటాక ఇంకో లొల్లి మొదలైంది. సైదాబాద్‌లో ఒక టైలరమ్మ పేరును మా ఇద్దరు సేల్స్‌మెన్ రెండు రకాలుగా రాశారు. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆమె ఇద్దరైంది. ఇద్దరూ మార్చి మార్చి ఫోన్ చేస్తే ఆమె షోరూముకు వచ్చి దుమ్ము దులిపి పోయింది. మేనేజర్ పైకొచ్చి నా మీద పడ్డాడు. "ఒక్క మనిషి రెండుసార్లు కనబడొద్దు. ఏం చేస్తవో చెయ్."

చేశాను. రెండు రికార్డులు ఒకే మనిషివని ఎప్పుడు అనుకోవాలో సాఫ్ట్‌వేర్‌కి మనం చెప్పాలి. పేరు చూడాలా, ఇంటి నంబరు చూడాలా, ఫోన్ చూడాలా? కలిస్తే నాకు చూపించాలా, తనే రెంటినీ ఒకటి చేసెయ్యాలా? పేర్లు చూద్దామంటే మావాళ్ళు ఒక్కో పేరునూ ఐదు రకాలుగా రాసి చచ్చారు. ఇంటి నంబర్లు చూద్దామంటే బై, బై, బై అంటూ సగం రాసి సగం వదిలేశారు. ఫోన్ ఒక్కటే పది అంకెలతో శుభ్రంగా కనిపించింది. నంబరు ఒకటైతే మనిషి ఒకరే అని నియమం రాసి పారేశాను.

పరీక్ష కూడా చేశాను. చెయ్యలేదనుకోకండి. సైదాబాద్ అపార్టుమెంట్ల రికార్డులు ఓ ఇరవై తీసుకుని చూశాను. అక్కడ ఇంటికి నాలుగు ఫోన్లు. అంతా చక్కగా వచ్చింది. "మస్తు చేసినవ్" అన్నాడు మేనేజర్. నేను పొంగిపోయాను. ఒక్కొక్కటీ ఎవడు చూసుకుంటాడులే అని, అడగకుండా కలిపెయ్యమని టిక్కు పెట్టాను. కలిపినవాటిని మళ్ళీ విడదీయడం కుదరదు, సరేనా అని అది అడిగింది. ఆ హెచ్చరిక చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. సరే అని నొక్కాను.

అక్క నంబరు గుర్తుకు రాలేదా అంటారు. రాలేదు. అన్నం తింటూ అన్న మాట ఎవరికి గుర్తుంటుంది? కానీ నేను పుట్టి పెరిగిందే ఈ బస్తీలో. మా అమ్మ నంబరు మా గ్యాసు మీద ఉంది, రేషన్ కార్డు మీద ఉంది, చెల్లెలి కాలేజీ ఫారం మీద ఉంది. ఒక ఫోన్ మీద ఇల్లంతా బతుకుతుందని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? నా చదువు తగలెయ్య.

మర్నాడు పొద్దున మేనేజర్ తన గదిలోంచి పడీ పడీ నవ్వుతూ పిలిచాడు. "ఇటు రా, ఇటు రా. ఈమెవరు? ఇంట్ల ఫ్యాక్టరీ పెట్టిందా ఏంది? నలభై ఒక్క మిషన్లు కొన్నది!"

స్క్రీన్ మీద లెహంగాలకు గోటా, అంటే జరీ అంచు, కుట్టే ఒకామె ఉంది, ఆమె పేరు మీద నలభై ఒక్క మిషన్లు. మిగిలిన నలభై మంది పేర్లు లేవు, ఇళ్ళు లేవు. అతను ఇంకా నవ్వుతూనే ఆమె పేరు కింద ఉన్న నంబరుకు ఫోన్ కలిపాడు. పక్క హాల్లో ఫోన్ మోగింది.

"హలో సార్, నేను ఈడనే ఉన్న, ఏంది సార్?" అంటూ అక్క లోపలికి వచ్చింది.

అతని నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ళకు మనిషికొక మిషన్ తక్కువ ధరకు ఇచ్చే స్కీము మా కంపెనీలో ఉంది. లేని ఆడవాళ్ళను పుట్టించి, ఆ మిషన్లు తీసుకుని బయట అమ్ముకుందని అతనికి అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని అక్కడే, అందరి ముందే అనేశాడు. అట్ల కాదు సార్, నలభై మంది నిజంగనే ఉన్నరు అంది అక్క.

"నలభై మంది ఉన్నరంటున్నవ్ గదా. చెప్పు, ఎవరెవరు?"

అక్క వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "మెట్ల ఇంటామె సార్. కవలపిల్లల తల్లి ఒకామె. ఎడమచేత్తోని కత్తిరించేటామె. అత్తకు కండ్లు కనబడవు, గామె..."

"పేర్లమ్మా, పేర్లు! ఇంటి నంబర్లు!"

అవి ఆమె ఫారంలో నింపి పంపేసింది, ఆ ఫారాలను నేను మింగేశాను. ఆమె వేళ్ళు మడిచి అలాగే నిలబడింది.

"అసలు నీ నంబర్ ఎందుకు పెట్టినవ్? ఎవరు పెట్టమన్నరు?"

అక్క నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు చూడలేదు. ఇప్పుడు ఈ పిల్ల చెప్తుంది అన్న నమ్మకంతో, మామూలుగా చూసింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. మా ఇంట్లో నెలకొచ్చే జీతం నాదొక్కటే. 'నేనే చెప్పిన సార్' అనడానికి ఎంతసేపు పడుతుంది? గుటక మింగేంత సేపు. నేను గుటకే మింగాను.

"ఎవరు లేరు సార్. నేనే పెట్టిన. ఫారం ముందుకు పోతలేదని" అంది అక్క.

తర్వాత కంపెనీ ఇద్దరు మనుషులను హుస్సేనీ ఆలం పంపింది. వాళ్ళ చేతిలో మిగిలిన అడ్రసు ఒక్కటే. అందుకని గల్లీ మధ్యలో నిలబడి, ఫలానా ఆమె ఎవరెవరికి మిషన్ అమ్మింది, చోరీ మామ్లా, దొంగతనం సంగతి ఉంది, బయటికి వచ్చి చూపించండి అని గట్టిగా అడిగారట. మగవాళ్ళు పనులకు పోయిన వేళ. చాలా తలుపులు తెరుచుకోలేదు. తెరుచుకోని ప్రతి తలుపుకీ 'లేరు' అని రాసుకొచ్చారు. ఆ కాగితాన్ని కంప్యూటర్‌లో ఎక్కించింది కూడా నేనే. ఆ వారమే అక్కను రావద్దన్నారు. రావద్దన్న రోజు సాయంత్రం బస్సులో ఆమె ఎప్పటిలా నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నియమం మార్చాను. నంబరు కలిస్తే ఇప్పుడది నన్ను అడుగుతుంది. పోయిన రికార్డులు తిరిగి రావాలని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు మూడుసార్లు రాశాను. ముందే హెచ్చరించాం కదా అన్నారు. అక్క నంబరు కూడా తీసేశారు కాబట్టి ఆ నలభై ఒక్క మందిలో ఎవరికీ ఏ మెసేజూ పోవడం లేదు.

నాలుగు నెలలు చూశాను. చివరికి ఒక సెలవు రోజు హుస్సేనీ ఆలం పోయాను. ఎడమచేత్తో కత్తిరించే ఆమె ఇల్లు అడుగుతూ అడుగుతూ దొరికించుకున్నాను. మిషన్ కంపెనీ నుంచి అని చెప్పాను. పరదా వెనక నుంచి, "ఫిర్ ఢూండ్నే కు ఆయే క్యా?" అని గొంతు వినిపించింది. మళ్ళీ వెతకడానికి వచ్చారా అని.

కాదన్నాను. నాకొచ్చిన ఉర్దూలో, బాజీది ఏ తప్పూ లేదు, కంపెనీ కంప్యూటర్‌లో గల్తీ జరిగింది అని చెప్పాను. ఆమె పరదా తీసి లోపలికి రమ్మంది. నా కంటే చిన్నది. "మాలూమ్ హై. బాజీ వైసీ నై" అంది. బాజీ అలాంటిది కాదని తమకు తెలుసట. కానీ ఇంట్లో మగవాళ్ళు, చోరీ మాట వచ్చినదాన్ని గడప ఎక్కనివ్వొద్దన్నారట. ఒకసారి గల్లీ చివర బాజీ కనబడితే కూడా పలకరించలేకపోయిందట. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. చక్రం పట్టేసి నెల దాటిందని చెప్పింది.

అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికి పోయాను. ఆమె గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. "అక్కా, హుస్సేనీ ఆలం పోయిన. నీ తప్పేం లేదని చెప్పిన" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. "నిజంగ పోయినవా? ఏమన్నది?"

అంతా చెప్పాను. చక్రం సంగతి కూడా చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె కళ్ళు తడిగానే ఉన్నాయి.

"మరి తప్పు ఎవరిదని చెప్పినవ్?"

"కంపెనీదని."

ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి గడప అవతల పారేసింది.

"గా దినం సార్ ముంగట నువ్వు చెప్తవని సూసిన. చెప్పలే. నీకు జీతం భయం ఉండె, నాకు సమజైంది, అందుకే నేను గూడ నీ పేరు తియ్యలే. ఇయ్యాల ఏం భయముండె నీకు? పరదా ఎనుక ఒక్క ఆడపిల్ల. ఆమె ఏం చేస్తుండె నిన్ను? ఆమెకు గూడ నేనే పెట్టమన్న అని చెప్పలేకపోయినవా?"

చెప్పాలని నాకు తట్టను కూడా తట్టలేదు. దారంతా మంచిపని చేశాననే అనుకుంటూ వచ్చాను. ఛీ, ఏం బతుకు నాది.

"సరే, పో. మీ అమ్మ ఎదురుసూస్తుంటది" అంది, మళ్ళీ బియ్యంలోకి వంగుతూ.

లేచి వచ్చేశాను. రేపు మళ్ళీ పోయి చెప్తానక్కా అని అనబోయాను. ఆమె నమ్మదని తెలుసు. నేనూ నమ్మలేదు.