కుతుబుద్దీన్ ఎంచుకున్న పడవ

పందొమ్మిదేళ్ళ వయసులో కుతుబుద్దీన్ హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న తెరచాప పడవల క్లబ్బులో పనికి కుదిరాడు. చిరిగిన తెరచాపలు కుట్టేవాడు, తాళ్ళు సరిచేసేవాడు. పందెం రోజున ఎవరైనా రాకపోతే అతన్నే పడవెక్కించేవారు. మూడేళ్ళు అలా గడిచాక, గోదావరిఖని నుంచి తండ్రి బొగ్గుబాయిలో పోయాడని కబురొచ్చింది. ఆ ఉద్యోగం కొడుక్కిచ్చారు.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు భూమి కిందే. అక్కడ గాలంటే ఫ్యాను తోసే గాలే. షిఫ్టు దిగి పైకి రాగానే అందరూ బీడీ ముట్టిస్తే, అతను మాత్రం ఆ పొగ ఎటు పోతోందో చూసేవాడు. ఎందుకు చూస్తాడో తోటి పనివాడు మొగిలికి తప్ప ఎవరికీ తెలియదు.

రిటైరైన ఏడాది, వానలు వెలిసి గోదావరి నిండుగా ఉన్నప్పుడు, ఇద్దరూ పడవ కొందామని మొగిలి బొలేరోలో హైదరాబాద్ వెళ్ళారు. జగదీశ్వర్ అనే పెద్దమనిషి దగ్గర రెండు పాత పడవలున్నాయి. రెండూ ట్రాలీ మీద బండి వెనక లాక్కెళ్ళేవే.

ఒకటి వెడల్పాటి పొట్టతో, లోపల ఇద్దరు పడుకునే చిన్న గదితో ఉంది. మొగిలి మనసు దాని మీద పడింది.

"గిదే తీస్కో భాయ్. మా ఇంటామె అనసూర్య గూడ దర్జాగ కూసుంటది."

కుతుబుద్దీన్ వంగి అడుగు చూశాడు. "కింద ఇనుప బరువు బిగించిండ్రు. మన రేవుల మోకాలి లోతు నీళ్ళే. ఎట్ల దించుతం? మీదికెల్లి ఇంత బరువుతోని చిన్న గాలికి కదలనే కదలదు."

రెండోది పదహారడుగుల సన్నటి పడవ, రంగు వెలిసింది. దాని నడుమ నీళ్ళలోకి దిగే పలకను తాడుతో పైకి లాగేయవచ్చు. అతను అడుగు పొడవునా అరచేత్తో తడిమాడు, ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు. తెరచాప కొంగు పిడికిట్లో నలిపితే ఫెళఫెళమంది.

"బట్టల ఇంక పాణమున్నది. మెత్తబడ్డ చాపతోని ఎదురుగాలికి పోలేం. సార్, ఒక్కసారి నీళ్ళల చూస్త."

జగదీశ్వర్ సరేనన్నాడు. మొగిలీ ఎక్కాడు. హుస్సేన్‌సాగర్ మధ్యలో కుతుబుద్దీన్ తాడు బిగించాడు. పడవ ఒరిగి, గాలికి ఏటవాలుగా ఎదురెక్కింది.

"పడిపోతం భాయ్!"

"ఏంగాదు. అంచు మీద కూసోని ఎనక్కి వాలు."

చుక్కాని కర్ర అరచేతిలో సన్నగా వణికింది. ఆ ఒక్క నిమిషం అతనికి ఇరవయ్యేళ్ళు, తండ్రి బతికే ఉన్నాడు. మొగిలి అతని ముఖం చూసి, ఒడ్డు వైపు తిరిగాడు.

ఆ సన్నటి పడవనే తెచ్చుకున్నారు. మరుసటి ఆదివారం పొద్దున కుతుబుద్దీన్ భార్య సుగ్రా బీ లైఫ్ జాకెట్ తొడుక్కుని, అతన్ని దక్కనీ ఉర్దూలో దెప్పుతూనే ఎక్కింది. నది సగం దాటాక గాలి పడిపోయింది. పడవ నిలిచిపోయింది. ఊరికే కూర్చోలేక అతను క్లబ్బు సంగతి, అక్కడ ఎక్కిన పడవల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళై ముప్పై ఐదేళ్ళైనా ఆమె అవేవీ ఇంతకుముందు వినలేదు.

చెప్పడం మధ్యలో ఆపి తెడ్డు తీసుకోబోయాడు.

"ఇంటికి జల్దీ ఏముంది, ఇంకా చెప్పు," అంది సుగ్రా బీ.