అక్క మాత్ర ఆపించిన సగం డాక్టరు

మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడే అతన్ని వీధంతా సగం డాక్టరు అంటుంది. అది వెక్కిరింపే, కానీ ఆయనగారు దాన్ని బిరుదులా మోసేవాడు. ఎంత గజిబిజి చీటీ అయినా చదివేస్తాడు, చూడకుండానే డబ్బా తీసేస్తాడు. తెలీదు అనడం ఒక్కటే అతనికి చేతకాదు.

బట్టలు కుట్టే వాళ్ళక్కకి ఏళ్ళ తరబడి షుగరు. ఈమధ్య కుడికన్ను మసకేసి, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి కంటి లోపల ఫొటోలు తీయాలన్నాడు కంటి డాక్టరు. ఇక మనవాడు ఊరుకుంటాడా!

"అక్కా, షుగరు మాత్ర ఆపెయ్. అదీ రంగుమందూ కలిస్తే కిడ్నీలు పోతాయి."

ఎవరికో పొట్ట స్కానింగుకు ముందు ఆపమన్నారని విన్నాడు, అంతే. అక్క మారుమాట్లాడకుండా ఆపేసింది. పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది. మళ్ళీ వేసుకోమనాలన్న ధ్యాస ఇతనికి లేదు. తమ్ముడు చెప్పలేదు కదా అని ఆవిడా వేసుకోలేదు.

పరీక్ష రోజున తమ్ముడే వెంట వెళ్ళాడు. ఆవిడ కళ్ళలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఇంజెక్షనుకు ముందు నర్సు వేలు గుచ్చి చూసి, గబగబా డాక్టర్ని పిలుచుకొచ్చింది.

"ఇంత షుగరుతో ఇవాళ చెయ్యనమ్మా. ఈ పరీక్షకి మాత్ర ఆపక్కర్లేదు. కొన్ని స్కానింగులకి, అదీ కిడ్నీలు బాగాలేనివాళ్ళకి ఆపమంటారు. అక్కడ ఎక్కించే మందు వేరు, ఇది వేరు. అసలే కంటి లోపల రక్తం కారుతోంది, ఆలస్యమైతే చూపు పోతుంది. ఎవరు ఆపమన్నారు?"

సగం డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. నేనే అందామనుకున్నవాడు కాస్తా గోడమీది కంటి బొమ్మ చూడసాగాడు.

"ఎవరూ అన్లేదండీ, నేనే బద్ధకించాను," అంది అక్క.

డాక్టరు ఇతనివైపు తిరిగాడు. "మీది మందుల షాపే కదా. మీరైనా చెప్పొద్దూ?"

"వాడు రోజూ పోరుతూనే ఉన్నాడండీ. నేనే వినలేదు."

సిగ్గులేని తల దానంతటదే ఊగింది. పైగా "అవునండీ" అని కూడా అన్నాడు.

చుక్కల వల్ల అక్కకి మెట్లు సరిగ్గా కనబడలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని దిగుతూ, "మరి ఇవాళ మాత్ర వేసుకోనా? నువ్వు చెప్పరా," అంది.

డాక్టరు అంత విడమర్చి చెప్పాక కూడా తననే అడుగుతోంది! అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"వెనక్కి పదక్కా. ఆపమన్నది నేనేనని చెప్పొస్తాను."

"ఊరుకోరా," అంది ఆవిడ, చెయ్యి వదలకుండా. "నలుగురిలో నీ పరువేం కాను?"