రొయ్యల గుంట కట్ట మీద బ్యాటరీ రాచెట్

ఈమధ్య ఒక బ్యాటరీ రాచెట్ కొన్నాను. పొడవు జానెడు, మెడ సన్నం. నట్టు మీద పెట్టి మీట నొక్కితే టర్ర్‌మని తనే తిప్పేస్తుంది. అది వచ్చిన రోజు నుంచి మా వీధిలో ఒక్క నట్టుకూ కంటి మీద కునుకు లేదు. మంచం, స్కూటరు, పక్కింటి గేటు, అన్నిటినీ విప్పి బిగించాను. బాగున్నవాటిని మరీ బాగుచేశాను.

"ఇంక మీ పళ్లొకటే మిగిలినాయి. రాండి, నేను బిగిస్తా" అంది మా ఆవిడ.

అంతలో అల్లూరు నుంచి అక్క ఫోను.

"రేయ్, యాడున్నావు? ఏరేటరు ఆగిపోయింది. మబ్బు చూస్తే ఇట్టుంది. రొయ్యలు తలకాయలు పైకెత్తినాయిరా!"

మబ్బు పట్టిన రోజు గుంట నీళ్లలో గాలి తగ్గుతుంది. రెక్కల చక్రంతో నీళ్లు చిలికి గాలి ఎక్కించేది ఏరేటరు. అది ఆగితే రొయ్యలు ఊపిరి కోసం పైకి తేలతాయి. కాసేపు చూసి చచ్చిపోతాయి. వారంలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, పెట్టుకున్నారు. వేసవంతా అక్కా బావా కట్ట మీదే కాపరం చేసి పెంచిన పంట అది.

నెల్లూరు నుంచి అల్లూరు దాకా నా బండి చక్రాలు నేలకు తగిలినట్టు గుర్తులేదు.

బావ ఏరేటరును కట్ట దగ్గరికి లాగి, పాడైన గేరుబాక్సుతో కుస్తీ పడుతున్నాడు. మార్చడానికి కొత్తది పక్కనే ఉంది. మెకానిక్కు మాత్రం వాకాడులో ఇంకో గుంట దగ్గర ఇరుక్కున్నాడు. నట్లేమో ఇనుప పట్టీకీ తేలే డబ్బాకీ మధ్య సందులో దాక్కున్నాయి. స్పానరు వేలెడు తిరిగేసరికి డబ్బాకు కొట్టుకుంటోంది. తీయాలి, మళ్లీ పెట్టాలి, మళ్లీ వేలెడు. ఆ లెక్కన నట్లు ఊడేసరికి రొయ్యలకు మనవలు పుడతారు.

"తప్పుకో బావా!" అంటూ సంచిలోంచి రాచెట్ తీశాను.

మా బావ కట్ట మీదికి ఈగ వచ్చినా కాళ్లు ముంచుకునే రావాలి. పక్క గుంటల జబ్బు చెప్పుకో పారకో అంటుకొస్తుందని, పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్ల బకెట్టు దారిలోనే పెడతాడు. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా! రాచెట్ లాక్కుని ఆ బకెట్లో మొత్తం ముంచేశాడు.

"బావా! అది కరెంటుది!"

"అయితే? వైరస్‌కి కరెంటంటే భయమా?"

బ్యాటరీ ఇంకా నా జేబులోనే ఉండడం మా వంశం చేసుకున్న పుణ్యం. అక్క చీర కొంగుతో తుడిచింది. ఎండబెడదామంటే ఎండే లేదు. జనరేటరు వేసి, దాని ఫ్యాను నుంచి వచ్చే వేడిగాలికి పట్టాం.

"ఊదు బావా, ఆ బ్యాటరీ పెట్టే రంధ్రంలో ఊదు."

"ఊదతానే ఉండాగదా! శంఖమయితే ఈపాటికి కాశీ దాకా వినపడుండేది."

నీళ్ల మీద రొయ్యల మీసాలు చిక్కబడుతున్నాయి. అక్క గుంట వైపు చూడటం మానేసింది.

చివరి చుక్క కూడా ఆరిందనిపించాక బ్యాటరీ తగిలించి, ముక్కోటి దేవతలనూ వరసపెట్టి పిలిచి, మీట నొక్కాను. టర్ర్‌ర్! ఏ సన్నాయీ అంత తియ్యగా మోగలేదు.

తుప్పు పట్టిన నట్టు మొండిపట్టు విడిపించడం ఈ పిల్లరాక్షసి వల్ల కాదు. ముందు బావ స్పానరుతో ఒక్క గుంజు గుంజి కదిలించేవాడు. ఆ తర్వాత నాది. సన్నటి మెడ సందులో దూరి, స్పానరు ఊపడానికి చోటులేని చోట కూర్చుని, నట్టును గిర్రున తిప్పి బయటికి తెచ్చేది. కొత్త గేరుబాక్సు పెట్టి, అట్టనే నట్లు ఎక్కించి, ఆఖరి బిగువు బావ స్పానరుతోనే వేశాడు.

ఏరేటరును నీళ్లలోకి తోసి స్విచ్చి వేశాం. రెక్కలు నీళ్లను ఆకాశానికి చల్లాయి. చాలాసేపటి దాకా ఏమీ మారలేదు. తర్వాత చక్రానికి దగ్గరగా ఉన్న తలకాయలు మునిగాయి, ఆ వెనకవి మునిగాయి.

"దిగతా ఉండాయి" అంది అక్క మెల్లిగా, గట్టిగా అంటే మళ్లీ పైకొస్తాయేమోనన్నట్టు.

బావ కట్ట మీద కూలబడ్డాడు. నీళ్ల మీద ఒక్క మీసం కూడా కనపడకుండా పోయేదాకా అక్కడినుంచి లేవలేదు.