ఆదివారం మెడికల్

మా నలుగురి వయసులూ కలిపితే నూరు దాటేది. అయినా ప్రతి ఆదివారం మెట్టుగూడలో మా మేడ మీద గదిలో కూర్చుని, జానెడు బొమ్మల బట్టల గురించి గొంతులు చించుకునేవాళ్ళం. ఇంగ్లీషు సినిమాల్లో గాల్లో ఎగిరి లారీలు ఎత్తి విసిరే వీరుల బొమ్మలవి. సినిమాలో వేసుకున్న డ్రెస్సే బొమ్మ మీద ఉందా లేదా, ఇదీ మా గొడవ. రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులు. బయట ఏదో ఒక బంద్ నడుస్తూనే ఉండేది. మేం మాత్రం బెల్టు బకిల్ దగ్గరే ఆగిపోయేవాళ్ళం.

ప్రభుత్వాఫీసులో గుమాస్తాని నేను, బ్యాంకు క్యాషియరు ఒకడు, మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు ఉన్నవాడు ఒకడు, సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఒకడు. చర్చిలో ఆరాధన ముగించుకుని అమ్మా నేనూ ఇంటికొచ్చేసరికి ముగ్గురూ మెట్ల మీద కాచుకుని ఉండేవాళ్ళు. "పెళ్ళి కావాల్సిన మగాళ్ళు, బొమ్మలకి లంగాలు కొలుస్తున్నారు," అనేది అమ్మ. ఆవిడ బడిలో జీవశాస్త్రం చెప్పేది. మాటతో ఎవర్నీ వదిలేది కాదు. ఆ నోరు నాకు వచ్చింది, ఆవిడ మంచితనం రాలేదు.

మెట్టుగూడలో ఏ ఇంట్లో చూసినా ఒక రైల్వే మనిషి ఉంటాడు. పరీక్ష రాసి పాసైతే చాలదు, చివర్లో రైల్వే ఆసుపత్రిలో మెడికల్ అనే గండం దాటాలి. దాటనివాళ్ళ గురించి వీధంతా గుసగుసలాడుకునేది. అందుకే కొత్త బొమ్మ వచ్చిన రోజు మేం జరిపే పరీక్షకి కూడా మెడికల్ అనే పేరు పెట్టుకున్నాం. డీవీడీ వేసి, ఆ వీరుడు కనిపించే చోట ఆపి, బొమ్మని టీవీ పక్కన పట్టుకుని చూడాలి. తర్వాత అది చేతులు మారుతుంది. ఒక్కొక్కరు పాస్ అనో ఫెయిల్ అనో చెప్పాలి. ఫెయిలైన బొమ్మ షెల్ఫ్‌లో గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆ రూలు నాదే. సీరియల్లో చీరలు బాగా కనిపించాలని అమ్మ ఆ టీవీలో రంగు బాగా పెంచి పెట్టుకుందనీ, అందులో వార్తలు చదివేవాడు కూడా పసుపు రాసుకున్నట్టు ఉంటాడనీ మాకు తెలుసు. అయినా దాన్నే సాక్షిగా పెట్టుకుని ఒకరి బొమ్మని ఒకరం చీల్చి చెండాడేవాళ్ళం.

సెల్‌ఫోన్లతని చెయ్యి మంచిది. మోండా మార్కెట్లో జాకెట్ లైనింగు ముక్కలు ఏరి తెచ్చి, కంటికి ఆనని కుట్లతో కేపులు కుట్టేవాడు. కేప్ అంటే ఆ వీరులు భుజాల మీంచి వెనక్కి వేలాడేసుకునే గుడ్డ. అమ్మ దాన్ని తువ్వాలు అనేది. అతను ఎప్పుడు వాదించినా కుట్టు గురించో, మడత గురించో, బెల్టుకి ఎన్ని సంచులున్నాయనో వాదించేవాడు. రంగు మాటెత్తేవాడు కాదు. ఓడిపోతే నా మొహం టమాటాలా అయిపోతుందని మిగతా ఇద్దరూ నన్ను ఏడిపించేవాళ్ళు. నాది కాస్త ఎర్రటి ఛాయ, లోపలున్నది దాచలేని ఒళ్ళు. అతను మాత్రం ఎప్పుడూ ఆ ఎగతాళిలో కలవలేదు. మర్యాద అనుకున్నాను.

ఒక ఆదివారం నేను ఎన్నాళ్ళో ఎదురుచూసి తెప్పించుకున్న బొమ్మని మెడికల్‌కి పెట్టాను. ఇద్దరూ పాస్ అనేశారు. సెల్‌ఫోన్లతను దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నా, సినిమాల బూటుకి ఏడు పట్టీలున్నయి. దీనికి ఆరే ఉన్నయి," అన్నాడు. "డూప్లికేటనుకుంట."

టీవీ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టాం. ఏడే. క్యాషియరు పడీపడీ నవ్వాడు. కొట్టువాడు నా బొమ్మని తనే గోడవైపు తిప్పి నిలబెట్టాడు. అతను నవ్వలేదు. నాకు టీ అందిస్తూ "పోనీ అన్నా, నేను ఇంకో పట్టీ అతికిస్త," అన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. అతనూ నవ్వి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

మూడు వారాల తర్వాత అతను తన బొమ్మని తెచ్చాడు. ముక్కలు అతికించి, బట్టలు కుట్టి, రంగు కూడా మొదటిసారి తనే కలిపి వేశాడు. పాత దినపత్రిక మడత విప్పుతుంటే అతని వేళ్ళు తొందరపడుతున్నాయి. డీవీడీలో ఆ వీరుడి డ్రెస్సు ముదురు ఆకుపచ్చ. బొమ్మ డ్రెస్సు ఇటుక రంగు.

ఫెయిల్ అని అరవడానికి నోరు తెరిచాను. అప్పుడే అతని మొహం చూశాను. టీవీ వైపు చూసి, బొమ్మ వైపు చూసి, ఏ తేడా లేనట్టు తృప్తిగా తల ఊపుకుంటున్నాడు. చిన్నప్పుడు అమ్మ పాఠంలో విన్నది గుర్తొచ్చింది. కొందరు మగవాళ్ళకి పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా వేరుగా తెలియవు. చాలామందికి ఆ సంగతి పెద్దయ్యేదాకా తెలియదు. షెల్ఫ్ మీద చీటీలు ఊడిపోయిన చిన్న రంగు డబ్బాలున్నాయి, మూతలు తీసి పెట్టి ఉన్నాయి. "ఆ పచ్చ డబ్బా ఇటివ్వు," అన్నాను. ఇటుక రంగుది ఇచ్చాడు. అది మళ్ళీ వాటిలోనే పెట్టేసి, వరస మార్చి మళ్ళీ అడిగాను. మూడోసారి కూడా ఇటుక రంగే వచ్చింది.

నాకు జాలి వేయలేదు. సంతోషం వేసింది. ఆరు పట్టీలకి ఇది జవాబు అనుకున్నాను. మిగతా ఇద్దరికీ కన్ను గీటి, "పాస్," అన్నాను. వాళ్ళకీ అర్థమైంది. క్యాషియరు పెదవి కొరుక్కుంటూ పాస్ అన్నాడు. కొట్టువాడు "సేమ్ టు సేమ్ తెరమీదిదే," అని బొమ్మని షెల్ఫ్ మధ్యలో నిలబెట్టాడు. మా మెడికల్‌లో అబద్ధం చెప్పడం అదే మొదలు. అతను సిగ్గుపడుతూ కూర్చున్నాడు. ఆ సంతోషంలోనే నన్ను ఒక మాట అడిగాడు.

"అన్నా, నాకు రెండు కొలువులు వచ్చినయి. ఒకటి నీ లెక్కనే ఆఫీసుల గుమాస్తా. శనివారం లోపు చేరాలె, సర్టిఫికెట్లు ఒరిజినల్స్ వాళ్ళకే ఇయ్యాలె. ఇంకోటి రైల్వేల అసిస్టెంట్ డ్రైవర్. రాత పరీక్ష పాసైన, మెడికల్ ఒక్కటే ఉన్నది. ఆడ గూడ ఒరిజినల్స్ కావాలె. మల్ల రాద్దామంటే వయసు దాటిపోతది. పరేషాన్ అయితున్న. ఏది పట్టుకోవాలె?"

ఆఫీసు కాగితాల సంగతులన్నీ నాకు తెలుసని అతనికి నమ్మకం. ఇంజను డ్రైవర్ల మెడికల్‌లో మొట్టమొదట చూసేది రంగులేనని మెట్టుగూడలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. గదిలో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం.

"ఫైళ్ళు మోయడంలో ఏముంది? ఇంజనెక్కు," అన్నాను.

"మస్తు ధైర్యం జెప్పినవన్నా," అన్నాడు. అతను మెట్లు దిగిన తర్వాత చాలాసేపు నవ్వుకున్నాం. ఆ శనివారం రావడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. రోజూ అతని షాపు ముందు నుంచే నడిచి బస్సెక్కేవాణ్ణి. రోజూ అతను చెయ్యి ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. రంగులు తెలియనివాడు రైలు నడపకూడదు కదా అని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నడపనివ్వరని నాకు ముందే తెలుసు. అతను పోగొట్టుకున్నది గుమాస్తా ఉద్యోగం.

తర్వాతి నెలలో ఒక ఆదివారం, మిగతా ఇద్దరూ ఇంకా రాకముందే అతను ఒక్కడే వచ్చాడు. సర్టిఫికెట్ల కవరు చంకలో ఉంది. నేను షెల్ఫ్ దులుపుతూ అతని బొమ్మని చేతిలో పట్టుకుని ఉన్నాను.

"చుక్కల బుక్కు పెట్టిండ్రన్నా," అన్నాడు. "అన్ని చుక్కలే. అందుల అంకె ఉన్నదంట, సదువుమన్నరు. నాకేం కనబడలే. డాక్టరు మంచిగనే మాట్లాడిండు. ఇన్నేండ్లు నీకు ఎవ్వరు చెప్పలేదా అని అడిగిండు."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆ దినం పచ్చ డబ్బా మూడుసార్లు అడిగినవు గదా అన్నా. నీకు ఎరుకేనా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాను. మొహం వేడెక్కింది, చెవుల దాకా. ఆ ఎరుపు ఇతనికి తెలియదు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. నిజం రాస్తున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, ధైర్యం. "నేనేమైనా డాక్టర్నా?" అని ఇంకాస్త గట్టిగా కూడా అన్నాను.

అతను నా మొహం వైపు చూడనే లేదు. నా చేతిలో ఉన్న బొమ్మని చూస్తున్నాడు. తను కుట్టిన కేప్ అంచు సన్నగా వణుకుతోంది.

"నీ చేతుల కుట్టు కదులుతుందన్నా," అన్నాడు. బొమ్మని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, షెల్ఫ్‌లో గోడవైపు తిప్పి నిలబెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.